బెరియా ఇళ్ల ముఖాలు, వీపులు

డర్బన్ నగరాన్ని గురించి వెలువడే ప్రతి సచిత్ర గ్రంథంలోను బెరియా కొండకు ఒక అధ్యాయం కేటాయించడం ఆనవాయితీ. ఎర్ర ఇటుక గోడలు, తెల్లరంగు పూసిన కొయ్య స్తంభాలు, లతలు పాకిన వరండాలు, వీధి పొడుగునా జకరండా పూల ఊదారంగు. ఇళ్లు అమ్మిపెట్టే దళారులు దీనిని "పాతకాలపు శోభ" అంటారు. నేనూ కాదనను; ఆ ఇళ్లలో చాలా మటుకు నిజంగానే అందమైనవి. అయితే ఒక ఇంటిని మెచ్చుకోదలచినా, తప్పు పట్టదలచినా దాని చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి రావాలి. బెరియాను గురించి వ్రాసినవారిలో అధికులు వీధి గేటు దగ్గరే ఆగిపోయారని నా అభియోగం. ముఖం చూసి మురిసిపోయారు గాని వీపు చూడలేదు. మన పూర్వీకులకు ఆ వీపే బాగా తెలుసు.

ముందుగా ఈ పేట పుట్టుక. సముద్రతీరానికి సమాంతరంగా, నగరానికి వెనుకగోడలా సాగిపోయే ఈ గుట్టల వరుస ఒకప్పుడు ఏనుగులు తిరిగిన దట్టమైన అడవి. 1835లో అలెన్ గార్డినర్ అనే ఆంగ్ల మిషనరీ ఇక్కడ తన మఠాన్ని నెలకొల్పి, బైబిలులోని ఒక పట్టణం పేరిట దీనికి బెరియా అని పేరు పెట్టాడు. ఆ ఏడే కింది రేవుకు గవర్నరు డర్బన్ పేరు వచ్చింది. 1849లో ఏర్పడిన వృక్షోద్యానం ఇప్పటికీ కొండ అడుగున ఉంది. ఆఫ్రికా ఖండంలో నేటికీ మిగిలిన ఉద్యానాలలో అదే ప్రాచీనమైనదని చెబుతారు. ఈ నేలలో ఏ పైరు లాభిస్తుందో పరీక్షించి చూడడం ఆ తోట తొలి ప్రయోజనాలలో ఒకటి. ఆ పైర్లలో చెరకు ఒకటి. ఆ చెరకే మనలను ఇక్కడికి తెచ్చింది.

రేవు పక్కనున్న ఊరు పల్లపు ప్రాంతం. వేసవిలో ఉక్క, వాన కురిస్తే బురద. చేతిలో డబ్బు చేరిన వర్తకులు, ఓడల ఏజెంట్లు, చక్కెర మిల్లుల యజమానులు గాలి కోసం కొండ ఎక్కారు. 1880లో గుర్రపు ట్రాములు, 1902లో విద్యుత్తు ట్రాములు వచ్చిన తరువాత ఆ ఎక్కుడు సులువైంది. పేట కూడా అప్పుడే నిండింది. మస్‌గ్రేవ్ రోడ్డు, ఎసెన్‌వుడ్ రోడ్డు, మారియట్ రోడ్డు వంటి పేర్లు ఆనాటివి. వీటిలో కొన్ని తరువాత మారాయి. ఎసెన్‌వుడ్ రోడ్డు నేడు స్టీఫెన్ ద్లామిని రోడ్డు. మారియట్ రోడ్డు గ్లాడిస్ మజిబుకో రోడ్డు. మా తరంవారి నోటికి పాత పేర్లే ముందు వస్తాయి. పిల్లలు సరిదిద్దుతూ ఉంటారు.

ఇక ఇళ్లు. బెరియా ఇంటిలో మొదట పరిశీలించదగినది వరండా. నేల చెమ్మకు, చెదలకు దూరంగా ఇంటిని ఎత్తైన పునాది మీద లేపారు. కొయ్యపలకల నేల కింద గాలి ఆడడానికి పునాది గోడలలో ఇనుప జాలీలు అమర్చారు. మెట్లెక్కగానే ఇంటిని రెండు మూడు వైపుల చుట్టివచ్చే వరండా. దానిపై ముడతల రేకు చివరకు వచ్చేసరికి విల్లులా వంగి దిగుతుంది. స్తంభాలు టేకువి, లేదా రంగు వేసిన మామూలు కొయ్యవి. వాటి తలల వద్ద రంపంతో కోసిన జాలీ పని. కలవారి ఇళ్లలో దానికి బదులుగా బ్రిటన్ నుండి ఓడలలో వచ్చిన పోత ఇనుము అల్లిక కనబడుతుంది. ఆఫ్రికాన్స్ భాషలో ఆ అల్లికకు లోదుస్తుల లేసు అనే అర్థం వచ్చే పేరు ఉంది. దొరల గంభీరమైన భవనాలకు ఆ పేరు తగిలించిన రసికుడెవరో గాని, ఆయనకు నా నమస్కారం.

లోపల ముందు ద్వారం నుండి వెనుక ద్వారం దాకా సూటిగా సాగే నడవ, ఇరువైపుల గదులు, ఎత్తైన లోకప్పు, తలుపుల మీద తెరుచుకునే చిన్న కిటికీలు. సముద్రపు గాలి ముందునుండి ప్రవేశించి వెనుకకు పోతుంది. వేడిగాలి పైకి చేరి ఇంటికప్పు త్రికోణాలలోని రంధ్రాల గుండా వెలుపలికి పోతుంది. విద్యుత్తు పంకా లేని కాలంలో ఇది గొప్ప వివేకం. నగరపు పాత రైల్వే స్టేషనును రూపొందించిన విలియం స్ట్రీట్-విల్సన్, ఆయన భాగస్వామి వాలెస్ పేటన్ వంటి వాస్తుశిల్పులు ఎర్ర ఇటుకను, తెల్ల కొయ్యను, ఈ విశాలమైన వరండాను కలిపి ఒక స్థానిక శైలిని తీర్చారు. దానిని బెరియా శైలి అనే పిలుస్తారు. ఇంగ్లండులో ఇటువంటి ఇల్లు లేదు. అక్కడి ఎండకు దాని అవసరమూ లేదు.

ఈ శైలిలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాలలో కట్టిన అనేక ఇళ్ల త్రికోణపు ముఖాల మీద నల్లని కొయ్యపట్టీలు అతికించి ఉంటాయి. అవి ఇంగ్లండు పల్లెటూళ్ల పాత ఇళ్లను జ్ఞాపకం చేయడానికి పెట్టినవి. అక్కడ ఆ కొయ్యలు ఇంటి బరువును మోస్తాయి. ఇక్కడ అవి దేనినీ మోయవు, గాలిని ఇవ్వవు, వానకు కుళ్లి ఊడిపోతాయి. ఎండనెరిగి కట్టిన వరండా పైన స్వదేశపు బెంగతో అంటించిన ఆ పట్టీలు చూసినప్పుడల్లా, కింద ఇంజనీరు మాట్లాడుతున్నాడు, పైన ప్రవాసి నిట్టూరుస్తున్నాడు అనిపిస్తుంది. ప్రవాసి నిట్టూర్పును వెక్కిరించే అర్హత మనకు లేదనుకోండి. మన గుళ్లలోని సిమెంటు కమలాలు మాత్రం ఏమిటి?

వరండా అనే మాట ఆంగ్లంలోకి భారతదేశం నుండి వెళ్లింది. బంగళా వంగదేశపు మాట. ఆంగ్లేయులు ఆ రెంటినీ అక్కడ నేర్చుకుని ఇక్కడికి తెచ్చారు. మన ముత్తాతలు మద్రాసు రేవులో ఎక్కిన ఓడలలో తెచ్చుకున్న మాట మాత్రం అరుగు. సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ మాట మొదట వచ్చినప్పుడు మాలో ఎవరికీ అది బోధపడలేదు. ఉపాధ్యాయిని బల్లమీద బొమ్మ గీసి చూపించారు: వీధి వైపు, తలుపుకు ఇరువైపుల, మనిషి కూర్చునేంత ఎత్తుగల గట్టు. బాటసారి అడగకుండానే అక్కడ కూర్చోవచ్చు, పడుకోవచ్చు. ఆ బొమ్మ చూసిన తరువాత బెరియా వరండా నాకు వేరుగా కనబడసాగింది. రూపంలో ఇవి రెండూ దగ్గరి చుట్టాలే; స్వభావంలో వేరు. అరుగు వీధిది. బెరియా వరండా తూర్పున సముద్రం కేసి, తన ఓడలు లంగరు వేసిన రేవు కేసి చూస్తుంది. వీధికీ దానికీ నడుమ తోట, తోటకు గేటు, గేటుకు కుక్క. అక్కడ కూర్చున్నవాడు నగరాన్నంతటినీ చూడగలడు. నగరానికి అతడు కనబడడు. వాస్తువిమర్శకులు ఈ వరండాను గాలి, నీడల లెక్కతోనే వివరిస్తారు. దూరం పాటించడం కూడా దాని పనులలో ఒకటని ఎక్కడా వ్రాయరు.

మారియట్ రోడ్డు మీద 1914లో కట్టిన మకల్‌న్యూక్ భవనం ఈ పేటకు మకుటం. కేప్ ప్రాంతపు డచ్చి ఇళ్ల ననుసరించి తెల్లని గోడలు, వంపులు తిరిగిన ముఖశిఖరాలు గల ఇల్లు. చక్కెర సంపన్నుడు మార్షల్ క్యాంప్‌బెల్ దానిని కట్టించాడు. ఆయన కుమార్తె కిల్లీ క్యాంప్‌బెల్ జీవితమంతా సేకరించిన గ్రంథాలు, పత్రాలు, చిత్రాలు నేడు అక్కడే విశ్వవిద్యాలయం సంరక్షణలో ఉన్నాయి. నేటాల్ చరిత్ర వ్రాసేవారెవరైనా ఆ మెట్లెక్కక తప్పదు. ఆమె సేకరణ లేకపోతే ఎంత నశించేదో తలచుకుంటే భయం వేస్తుంది. ఆ ఋణం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

కాని ఆ తెల్లని శిఖరాల వెనుక మౌంట్ ఎజ్‌కోంబ్ చెరకు తోటలున్నాయి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి వచ్చినది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలుకు వచ్చినవారు 1,52,184 మంది. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. తరువాత ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ ఏట పద్నాలుగు. ఒప్పందం తీరినా స్వదేశం పోకుండా, తిరిగి కూలికి ఒప్పుకోకుండా ఇక్కడే నిలిచినవారి మీద 1895 చట్టం తలకు ఏడాదికి మూడు పౌనుల పన్ను వేసింది. 1913 నవంబరులో ఆ పన్నుపై జరిగిన సమ్మెలో మౌంట్ ఎజ్‌కోంబ్ తోటలలో కాల్పులు జరిగి కూలీలు మరణించారు. మరుసటి ఏడు పన్ను రద్దయింది. ఆ ఏడే మకల్‌న్యూక్ వెలసింది. ఈ రెండు సంగతులనూ ఒకే పేజీలో వ్రాసిన వాస్తుగ్రంథం నా కంటబడలేదు. తోటలలో కూలీల కోసం కిష్టప్ప రెడ్డి అనే శిల్పి 19వ శతాబ్దం చివర ఇటుకతో, సున్నంతో కట్టిన గణపతి ఆలయం కూడా అక్కడే ఉంది. పరిమాణంలో చిన్నది, రూపకల్పనలో మకల్‌న్యూక్ కంటె సాహసమైనది. శిల్పి జ్ఞాపకం నుండి కట్టాడు. ఎదుట నమూనా లేదు, చేతికింద శిక్షణ పొందిన స్థపతులూ లేరు.

ఇప్పుడు ఇంటి వెనుకకు రండి. బెరియా ఇంటి నడవ చివర వంటగది. అక్కడినుండి నాలుగు మెట్లు దిగితే సిమెంటు పెరడు, బట్టలు ఉతికే తొట్టి, బొగ్గుల కొట్టు, దాని పక్కన ఒకే కిటికీ గల చిన్న గది. నేటాల్ తెల్లవారు ఆ గదిని "కాయా" అనేవారు. జూలూ భాషలో ఇఖాయా అంటే సొంత ఇల్లు. పనివాడు భార్యతోనో, పిల్లలతోనో ఉండడానికి వీలులేని గదికి "సొంత ఇల్లు" అని పేరు! ముందు వరండాకు స్థలం, నీడ, గాలి లెక్కించి గీసిన శిల్పి ఈ గదికి వచ్చేసరికి ఆ విద్యనంతా మరచిపోయాడు. గది తరచు పడమర ఎండకు ఎదురుగా, రేకు కప్పుతో, లోకప్పు లేకుండా ఉంటుంది. ఇంటి ముందుభాగం చూసి ఆ శిల్పికి నూటికి తొంభై మార్కులు వేశాను. గదిని చూసిన తరువాత ఎన్ని వేయాలో ఉపాధ్యాయవృత్తిలో ముప్ఫై ఏళ్లకు పైగా గడిపిన నాకు కూడా తోచడం లేదు.

మా అవ్వకు బెరియా ఇళ్లన్నీ పెరళ్ల గుర్తులతోనే తెలుసు. కొండకు పడమటి వైపు కేటో మేనరులో కౌలుకు తీసుకున్న కొద్దిపాటి మడిలో మా తాత కూరలు పండించేవాడు. అవ్వ గంప నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కి దిగి ఇంటింటా అమ్మేది. ఆమె పేరు ఎవరూ అడగలేదు. గంప మోసే మన ఆడవారందరూ దొరసానులకు "మేరీ"లే, మగవారందరూ "సామీ"లే. ఏ ఇంటి కొళాయి నీళ్లు చల్లగా ఉంటాయి, ఏ ఇంటి కుక్క గొలుసు పొడుగు, ఏ వంటమనిషి తూకంలో పేచీ పెట్టదు అనేవి ఆమెకు కంఠస్థం. ముందు వరండాలో టేకు స్తంభాలున్నాయో, ఇనుప అల్లికలున్నాయో ఆమె ఎరగదు. ఆ దారిన ఆమెను రానిచ్చేవారు కాదు.

ఈ ముందు, వెనుకల వివక్ష క్రమంగా చట్టానికి ఎక్కింది. కాస్త కూడబెట్టుకున్న భారతీయ వర్తకులు కొందరు కొండ మీద ఇళ్లు కొనసాగారు. తెల్లవారు దానికి "చొరబాటు" అని పేరు పెట్టారు. న్యాయమూర్తి బ్రూమ్ అధ్యక్షతన నియమితమైన మొదటి విచారణ సంఘం ఆ చొరబాటు స్వల్పమేనని తేల్చింది. 1943 నాటి రెండవ విచారణ కొనుగోళ్లు పెరిగాయన్నది. వెంటనే అదే ఏడు, డర్బనులో భారతీయులు, తెల్లవారు ఒకరి ఆస్తి మరొకరు కొనకుండా కట్టడి చేసే చట్టం వచ్చింది. 1946లో మరింత కఠినమైన చట్టం చేశారు. ఆ ఏడు జూన్ 13న సత్యాగ్రహులు ఉంబిలో రోడ్డు, గేల్ వీధి కలిసే మూలలో, తమకు నిషిద్ధమైన నేల మీద గుడారాలు వేశారు. మాంటీ నాయకర్, డాక్టర్ గూనం వంటివారు చెరసాలకు వెళ్లారు. ఆ మూల బెరియా కొండకు అడుగుననే ఉంది. ఈ పేట వాస్తుచరిత్రలో ఆ గుడారాలను కూడా కట్టడాలుగా లెక్కించాలని నేను వాదిస్తాను. ఇల్లెవరిది, నేల ఎవరిది అనే ప్రశ్నను అంత సూటిగా నిలిపిన నిర్మాణం ఈ కొండ మీద మరొకటి లేదు.

తరువాతి కథ మనవారందరికీ తెలిసినదే గనుక త్వరగా ముగిస్తాను. 1950లో ప్రాంతాల విభజన చట్టం వచ్చింది. 1958లో కేటో మేనరును తెల్లవారికి ప్రకటించారు. నగరపు మొదటి మేయరు జార్జి కేటో పేరు గల ఆ లోయలో మన కూరమళ్లు, ఆఫ్రికనుల గుడిసెలు, బళ్లు, కొయ్యా రేకూ కలిపి కట్టిన ఇళ్లు ఉండేవి. భారతీయులను చాట్స్‌వర్తుకు, ఆఫ్రికనులను ప్రధానంగా క్వామాషుకు తరలించారు. క్వామాషు అంటే "మార్షల్ చోటు". మకల్‌న్యూక్ కట్టించిన ఆ మార్షల్ క్యాంప్‌బెల్ పేరే. లోయ ఏళ్ల తరబడి గడ్డి మొలిచి ఖాళీగా పడి ఉంది. గుళ్లు మాత్రం నిలిచాయి.

ఆ కొయ్యా రేకుల ఇళ్లను గురించి ఒక మాట. వాటికీ వరండాలుండేవి. బెరియా ఇంటి కప్పు మీది రేకు, లోయ ఇంటి గోడ రేకు ఒకే ఓడలో వచ్చిన సరుకు. స్తంభాలకు రంపపు జాలీలు, కమ్ముల మీద ముదురు ఆకుపచ్చ, ఇటుకరంగు, గడప పక్కన తులసి. మా తాత ఇంటి వరండా వీధి వైపు ఉండేదని, పొద్దుగూకితే దారిన పోయేవారు వచ్చి దాని అంచున కూర్చునేవారని మా నాన్న చెప్పేవాడు. అరుగు అన్నమాట. పేరు మరచినా పని మరవలేదు. దేశవాళీ ఆలోచనను, పరాయి సరుకును ఇంత సహజంగా కలిపిన ఆ ఇళ్లు బెరియా శైలికి ఏ విధంగానూ తీసిపోవు. కొండకు తూర్పున ఉన్నది "శైలి" అయింది. పడమటనున్నది మురికివాడ అయి, బుల్డోజరు పాలైంది.

నేడు బెరియా ఇళ్లకు మంచి రోజులు వచ్చాయా అంటే సగం సగం. మస్‌గ్రేవ్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు వైద్యుల గదులుగా, న్యాయవాదుల కార్యాలయాలుగా, అతిథిగృహాలుగా మారాయి. ఇప్పుడు వాటిలో కొన్నింటికి మనవారే యజమానులు, సంతోషం. కాని వరండాకు అద్దాలు బిగించి ఎ.సి. పెట్టిన చోట ఆ ఇంటి ప్రాణం పోయింది. ఎత్తైన గోడ, దాని మీద విద్యుత్తు తీగ వచ్చిన చోట వీధిలో నడిచేవారికి ఇంటికప్పు తప్ప ఏమీ కనబడదు. భద్రత అవసరమే, వాదించను. నా అసలు ఫిర్యాదు మరొకటి. పునరుద్ధరణ చేసేవారు ముందు వరండా స్తంభాన్ని పాత ఫొటోలు చూసి అంగుళం తేడా రాకుండా తిరిగి చేయిస్తారు. వెనుక గదిని మాత్రం కూల్చి కారు షెడ్డు కడతారు, లేదా రంగులు వేసి "తోట కుటీరం" అని అద్దెకిస్తారు. అతిథికి ఆ గదిలో ఎవరు, ఎన్నేళ్లు పడుకున్నారో చెప్పేవారుండరు.

1999 నాటి జాతీయ వారసత్వ చట్టం ప్రకారం 60 ఏళ్లు దాటిన ఏ కట్టడాన్నయినా అనుమతి లేకుండా మార్చరాదు, కూల్చరాదు. చట్టం ముందుభాగం, వెనుకభాగం అని తేడా చూపలేదు. ఆ తేడా చూపేది మన కళ్లు. అనుమతి కోరే ప్రతి నక్షాలోను వెనుక గదిని కొలిచి, ఫొటో తీసి, అక్కడ నివసించినవారి మాటలు సేకరించి జత చేయాలన్న నియమం పెట్టడం ఏమంత కష్టం? ఇళ్ల యజమానులైన మనవారు నియమం వచ్చేదాకా ఆగనవసరం లేదు.

ఆ 60 ఏళ్ల లెక్క మరొక చోటికి కూడా చేరింది. చాట్స్‌వర్తులో మొదటి ఇళ్లకు జనం వచ్చింది 1964లో. జంట ఇళ్లు, ఆస్బెస్టాసు కప్పులు, పేర్ల బదులు అంకెలు గల యూనిట్లు. వాటిని గీసినవారు వరండా పెట్టలేదు. తలుపు తీస్తే నేరుగా వాలు నేల. ఇప్పుడు ఏ యూనిటులో నడిచి చూసినా ప్రతి ఇంటి ముందుకూ ఏదో ఒకటి పొడుచుకువచ్చి ఉంటుంది. కొన్ని మంచివి, కొన్ని వికారమైనవి. లావుపాటి సిమెంటు స్తంభాలు, అచ్చులో పోసిన పిట్టగోడలు, గేటు మీద సింహాలు. నాకు ఆ సింహాలు నచ్చవు. బెరియా టేకు జాలీల ముందు అవి మొరటుగా కనబడతాయి. అయినా ఒక సంగతి గమనించాను. డబ్బు చేతికి వచ్చిన వెంటనే మనవాళ్లు లోపల గది పెంచుకోకముందే ఆ వరండా వేసుకున్నారు, అదీ వీధి వైపునే. సాయంకాలం ఆ మెట్ల మీద ఇరుగుపొరుగు కూర్చుంటారు. ఈ వరండాలకు నక్షాలు లేవు, ఉన్నా మున్సిపాలిటీ దస్త్రాలలో ఎక్కడో ఉంటాయి. మన సాయంకాలపు తరగతి విద్యార్థులు ఈ చలికాలపు సెలవులలో ఒక్క వీధినైనా ఎన్నుకుని, ఇంటింటి వరండా కొలతలు, కట్టిన ఏడు, కట్టిన మేస్త్రి పేరు వ్రాసుకుంటామన్నారు. కొలత టేపులు రెండు నా దగ్గరున్నాయి.